ఇందూరు దారుల్లో డీజిల్ బండి: వ్యాను కొనేవారికి మన జిల్లా చరిత్ర చెప్పే పాఠం

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరినారు. కోటల గురించి, గుళ్ల గురించి, నిజాం కాలం పరిపాలన గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. జిల్లా రవాణా కార్యాలయంలో గుమాస్తాగా ఉద్యోగకాలమంతా నేను చూసినవి మోటారు బండ్ల రిజిస్టర్లు. అందుచేత మన నిజామాబాద్, బోధన్ ప్రాంతపు రోడ్ల మీదికి డీజిల్ ఇంజన్ ఎట్లా వచ్చింది, సరుకులు మోసే చిన్న వ్యాను దాకా ఎట్లా చేరింది అన్న సంగతిని నాకు తెలిసినంతలో మనవి చేయదలచినాను.

ఈ విషయం ఎంచుకోవడానికి ఇంకొక కారణం ఉన్నది. పదవీ విరమణ నాడు చేతికి వచ్చే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు జీవితంలో ఒక్కసారే వస్తుంది. ఆ డబ్బులో కొంత తీసి కొడుక్కో, అల్లుడికో ఒక సరుకుల బండి ఇప్పించడం మన ఇండ్లలో తరచూ జరిగే పని. కొనబోయే ముందు చాలామంది నన్ను అడిగే మాట ఒకటే: "సార్, మావోనికి ఒక బండి ఇప్పిద్దామనుకుంటున్న. ఏ ఇంజన్‌ది తీసుకుంటె మంచిగుంటది?" నేను తిరిగి అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే: "ఏం మోస్తడు, దినాం ఎంత దూరం పోతడు, చెడిపోతే ఎక్కడ బాగు చేయిస్తడు?" మంచి ఇంజన్ అని విడిగా ఏదీ లేదు, పనికి తగిన ఇంజన్ అని మాత్రం ఉన్నది. నా సొంత తెలివితో అంటున్న మాట కాదిది. మన రోడ్ల మీద తొంభై ఏండ్లుగా తిరిగిన బండ్లు చెప్పిన మాట.

నీళ్లు వచ్చినవి, చెరుకు వచ్చింది

మన ప్రాంతంలో సరుకు రవాణా పెరగడానికి మూలం నిజాంసాగర్. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ ఆధ్వర్యంలో అచ్చంపేట వద్ద మంజీర నది మీద 1923లో పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేసినారు. సుమారు 2,75,000 ఎకరాలకు నీరు ఇవ్వాలని సంకల్పించిన ప్రాజెక్టు అది. నీరు రాగానే బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ వైపు నల్లరేగడి భూముల్లో వరి, చెరుకు పెరిగినవి. 1937లో బోధన్ శివారున శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొన్నది.

చెరుకు మిగతా పంటల వంటిది కాదు. కోసిన తర్వాత నిలవ ఉంచితే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. కోసిన గడను తొందరగా గానుగకు చేర్చవలసిందే. మొదట ఆ పని ఎడ్ల బండ్లు చేసినవి. దూరాలకు పోయే సరుకుకు, 1900 ప్రాంతంలోనే వేసిన సికింద్రాబాద్–మన్మాడ్ మీటర్‌గేజి రైలు మార్గం ఆధారం. కానీ రైలు పొలం గట్టు దాకా రాదు కదా. రైలు స్టేషనుకు, ఎడ్ల బండికి మధ్యలో ఉన్న ఖాళీని నింపడానికి మోటారు బండి వచ్చింది.

బస్సుల సంగతి కూడా అదే కాలానిది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించింది. ఆ నాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని తర్వాతి కాలంలో హైదరాబాదులోని బస్ భవన్ వద్ద ప్రదర్శనకు నిలిపినారు. ఆ రోజుల్లో మన దేశపు రోడ్ల మీద తిరిగిన లారీల్లో, కార్లలో చాలా భాగం పెట్రోలువే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు వెనకాల బొగ్గు కుంపటి వంటి పొయ్యి తగిలించి, ఆ గ్యాసుతో బస్సులు నడిపినారు. బండి ఎంత మంచిదైనా దానికి పోసే నూనె దొరకకపోతే, కొనలేకపోతే లాభం లేదని జనానికి అప్పుడే తెలిసింది.

డీజిల్ దొర కనిపెట్టిన కిటుకు

డీజిల్ అన్నది నూనె పేరుగా మనకు అలవాటైంది గానీ, అది మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1890లలో ఈ ఇంజన్‌కు పేటెంటు పొందినాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో పరీక్షించినప్పుడు, నూనెలోని శక్తిలో సుమారు 26 శాతాన్ని అది పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో కూడా లేవు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఈ జాతి ఇంజన్ ఒకటి పల్లీ నూనెతో నడిచింది.

దీని కిటుకు చెప్పడం కష్టం కాదు. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నాలుగుసార్లు గట్టిగా కొట్టి చూడండి, పంపు వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. పెట్రోలు ఇంజన్‌లో గాలిని, పెట్రోలు ఆవిరిని కలిపి సిలిండరులోకి పీల్చి ప్లగ్గు రవ్వతో అంటిస్తారు. డీజిల్ ఇంజన్‌లో అంటించే ప్లగ్గు ఉండదు. వట్టి గాలిని పీల్చి, దాన్ని పదహారో వంతుకో, ఇరవయ్యో వంతుకో కుదిస్తారు. ఆ గాలి అయిదు వందల డిగ్రీలు దాటి కాగుతుంది. అప్పుడు నాజిల్ నుంచి సన్నటి తుంపరగా నూనె చిమ్మితే దానంతట అదే మండుతుంది. గాలిని ఎంత ఎక్కువగా కుదిస్తే మంటలోని శక్తిని అంత ఎక్కువగా రాబట్టుకోవచ్చు. డీజిల్ బండి లీటరుకు ఎక్కువ దూరం పోవడానికి ముఖ్య కారణం ఇదే. పైగా లీటరు పెట్రోలులో కంటే లీటరు డీజిల్‌లో శక్తి కూడా కొంచెం ఎక్కువ.

అంత ఒత్తిడిని తట్టుకోవాలి గనుక ఇంజన్ దిట్టంగా, బరువుగా ఉండాలి. నూనెను కొలత తప్పకుండా, అదను తప్పకుండా చిమ్మే పంపు కావాలి. చాలా కాలం ఆ పంపు దగ్గరే పని ఆగిపోయింది. 1927లో జర్మనీలోని బాష్ కంపెనీ అటువంటి పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టిన తర్వాతనే లారీలకు డీజిల్ సులువైంది. ఆ కంపెనీ భాగస్వామ్యంతోనే 1951లో మైకో నెలకొన్నది. మన మిస్త్రీల నోట "మైకో పంపు, మైకో నాజిల్" అన్న మాట ఈనాటికీ వినిపిస్తుంది.

పల్లెలో రైతుకు డీజిల్ ఇంజన్ పరిచయమైంది రోడ్డు మీద కాదు, బావి గట్టు మీద. పుణెలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వంటి కంపెనీల ఇంజన్లు ఊరూరికీ చేరినవి. కాలువ నీరు అందని చోట బావి నీళ్లు తోడినవి, కరెంటు లేని చోట గానుగ తిప్పినవి. నిదానంగా తిరిగే ఆ ఇంజన్‌ను విప్పి, తుడిచి, బిగించడం నేర్చినవారు చాలా ఊళ్లలో తయారైనారు. తర్వాత లారీ ఇంజన్, ట్రాక్టరు ఇంజన్ వచ్చినప్పుడు వారి చేతులకు అది పూర్తిగా కొత్త వస్తువు కాలేదు.

పేరు ఫార్గో, గుండె పర్కిన్స్

స్వాతంత్ర్యం తర్వాత మన రోడ్ల మీద బెడ్‌ఫోర్డ్, డాడ్జి, ఫార్గో లారీలు తిరిగేవి. హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫోర్డ్‌ను, ప్రీమియర్ ఆటోమొబైల్స్ డాడ్జి, ఫార్గోలను మన దేశంలో తయారు చేసినవి. మొదట వచ్చిన వాటిలో పెట్రోలువే ఎక్కువ. ఇంగ్లండులో 1937లో వచ్చిన పర్కిన్స్ పి–6 అనే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ను 1950లలో మద్రాసులోని సింప్సన్ కంపెనీ చేయసాగింది. యజమానులు పెట్రోలు ఇంజన్‌ను దించి, దాని చోట పర్కిన్స్‌ను బిగించుకున్నారు. బండి పేరు ఫార్గో, లోపలి గుండె పర్కిన్స్.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పెట్రోలు ఇంజన్ వేగంగా తిరిగి బలం ఇస్తుంది. డీజిల్ నిదానంగా తిరుగుతూనే గట్టిగా లాగుతుంది. ఒకటి గుర్రం, ఇంకొకటి దుక్కిటెద్దు అనుకోండి. గుర్రానికి కట్టిన కాడిని ఎద్దు మెడ మీద పెడితే సరిపడదు. గేరు బాక్సు, వెనక యాక్సిల్ పండ్ల లెక్క, ముందరి కమాను పట్టీలు, రేడియేటరు అన్నీ ఇంజన్‌కు సరిపోవాలి. అవి సరిపడిన చోట మార్పిడి బండి ఏండ్ల తరబడి నడుస్తుంది. సరిపడని చోట ఇంజన్ బాగానే ఉండి మిగతా సామాను విరుగుతుంది. చట్టం సంగతి కూడా చెప్పాలి. ఇంజన్ రకం మారిస్తే ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కాలి. ఎక్కకపోతే ప్రమాదం జరిగిన నాడు బీమా దగ్గర చిక్కు వస్తుంది.

1954లో టాటా వారి టెల్కో కంపెనీ జర్మనీలోని డైమ్లర్–బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీలు చేయడం మొదలుపెట్టింది. ముక్కు మీద మూడు కోణాల నక్షత్రం ఉన్న ఆ లారీని మనవాళ్లు "బెంజి లారీ" అన్నారు. 1969లో ఒప్పందం ముగిసి నక్షత్రం పోయి "టి" అక్షరం వచ్చినా, పిలుపు మాత్రం చాలా కాలం పోలేదు. మద్రాసు పక్కన ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్, లేలాండ్‌తో కలిసి 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఈ రెండు కంపెనీల వల్ల పెద్ద లారీ అంటే డీజిల్ లారీ అన్నది ఖాయమైపోయింది.

టాటా బండి మీది అంకెల అర్థం చాలామందికి తెలియదు. 1210 అంటే సరుకుతో కలిపి సుమారు 12 టన్నుల బండి, సుమారు 100 గుర్రాల ఇంజన్. 407 అంటే సుమారు 4 టన్నులు, 70 గుర్రాలు. ఇంజన్ పేరులో కూడా లెక్క ఉన్నది. 697 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కొక్కదాని బోరు 97 మిల్లీమీటర్లు. 497 అంటే అదే బోరుతో నాలుగు సిలిండర్లు. ఈ లెక్క తెలిసినవాడిని అమ్మేవాడు మాటలతో మభ్యపెట్టలేడు.

టెంపో, మెటాడోరు

పెద్ద లారీ డీజిల్ అయినా, చిన్న బండి ఇంకా చాలా కాలం పెట్రోలుదే. 1958లో బజాజ్ టెంపో కంపెనీ జర్మన్ సహకారంతో మూడు చక్రాల హాన్సియాట్ బండి చేయసాగింది. రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజన్ దానిది. ఆ కంపెనీ పేరే జాతి పేరైపోయి, ఏ చిన్న సరుకుల బండినైనా మనవాళ్లు "టెంపో" అనసాగినారు. 1969లో అదే కంపెనీ మెటాడోరు వ్యాను తెచ్చింది. దానికి ఇంజన్ బలం ముందు చక్రాలకే అందుతుంది. వెనకకు పోయే షాఫ్టు లేదు గనుక నేల కిందికి ఉంటుంది, సామాను ఎక్కించడం, దించడం సులువు.

1973 అక్టోబరులో అరబ్బు దేశాల యుద్ధం తర్వాత ముడి చమురు ధర కొద్ది నెలల్లోనే సుమారు నాలుగింతలైంది. మన దేశంలో పెట్రోలు ధర బాగా పెంచి, వ్యవసాయానికి, రవాణాకు ఆధారమని డీజిల్ ధరను తక్కువలో ఉంచినారు. అప్పటి నుంచి చిన్న బండిదారుడు కూడా డీజిల్ వైపు చూడసాగినాడు. 1980లలో బజాజ్ టెంపో డైమ్లర్–బెంజ్ అనుమతితో ఓఎం 616 అనే 2.4 లీటర్ల ఇంజన్‌ను చేసి మెటాడోరులో బిగించింది. మెర్సిడీస్ కారులో నడిచిన జాతి ఇంజనే అది. మహీంద్రా వారు 1979లో ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీ నుంచి ఎక్స్‌డీపీ 4.90 అనే డీజిల్ ఇంజన్‌కు లైసెన్సు తీసుకున్నారు. అక్కడా అదే లెక్క: నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు.

జహీరాబాదులో జపాను బండి

1980ల నడుమ ప్రభుత్వం చిన్న సరుకుల బండ్ల తయారీకి జపాను కంపెనీలతో పొత్తు పెట్టుకోనిచ్చింది. డి.సి.ఎం.–టయోటా, స్వరాజ్–మజ్దా, ఐషర్–మిత్సుబిషి, మన రాష్ట్రంలో ఆల్విన్–నిస్సాన్. ఆల్విన్ అంటే 1942 నుంచి హైదరాబాదులో ఉన్న సంస్థ. బస్సు బాడీలు, బీరువాలు, రిఫ్రిజిరేటర్లు, గడియారాలు చేసిన ఆల్విన్ మన పొరుగున మెదక్ జిల్లా జహీరాబాదులో నిస్సాన్ క్యాబ్‌స్టార్ బండి చేయసాగింది. మన పక్క ఊరిలో జపాను బండి తయారవుతున్నదని అప్పట్లో అందరికీ గొప్పగా ఉండేది.

బండ్లు మంచివే. మెత్తగా నడుస్తాయి, గేరు సులువుగా పడుతుంది, డ్రైవరుకు అలసట తక్కువ. కానీ 1985 సెప్టెంబరు తర్వాత జపాను డబ్బు యెన్ విలువ డాలరుతో పోల్చితే మూడేండ్లలో దాదాపు రెట్టింపైంది. అక్కడి నుంచి దిగుమతి చేసుకునే సామాను ధర ఆ మేరకు పెరిగింది. సరిగ్గా అదే సమయంలో 1986లో టాటా వారు 407 తెచ్చినారు. ఇంజన్ 497, అంటే 2,956 సి.సి.ల నాలుగు సిలిండర్ల సొంత ఇంజన్. విడిభాగాలు ఇక్కడివే, టాటా లారీలు ఎరిగిన మిస్త్రీ ప్రతి ఊరిలో ఉన్నాడు. కొద్ది ఏండ్లలోనే 407 దేశమంతా పరుచుకున్నది. ఆల్విన్–నిస్సాన్ ఆ దశాబ్దం చివరలో మహీంద్రా చేతికి పోయింది. డి.సి.ఎం.–టయోటా తర్వాత దేవూ చేతికి పోయింది. జహీరాబాదు కర్మాగారం మాత్రం మహీంద్రా కింద నిలిచింది, ట్రాక్టర్లు కూడా చేసింది.

ఈ అధ్యాయం నుంచి వ్యాను కొనేవాడు నేర్చుకోవలసింది చాలా ఉన్నది. జపాను ఇంజన్ ఓడిపోలేదు. విడిభాగం ధర, అది దొరకడానికి పట్టే రోజులు ఓడించినవి. కిరాయి బండి నిలబడిన ప్రతి రోజూ రెండు నష్టాలు: రిపేరు ఖర్చు ఒకటి, రాని కిరాయి ఒకటి. వాయిదా మాత్రం నిలబడదు, నెల తిరిగేసరికి వస్తూనే ఉంటుంది.

డీజిల్‌లో రెండు తెగలు

అప్పటి బండ్లలో డీజిల్ ఇంజన్లు రెండు తెగలవి. మొదటిది డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే నూనెను నేరుగా పిస్టన్ తల మీది గుంటలోకి చిమ్మేది. టాటా 497, ఐషర్ ఇంజన్ ఈ తెగవి. వేడి వృథా తక్కువ, మైలేజీ ఎక్కువ, చలి పొద్దున కూడా త్వరగా అందుకుంటుంది. చప్పుడు, అదురు ఎక్కువ. రెండవది పక్కనున్న చిన్న గదిలోకి నూనె చిమ్మి, అక్కడ మొదలైన మంటను సిలిండరులోకి పంపేది. ఓఎం 616, పెజో ఈ తెగవి. మెత్తగా, వేగంగా తిరుగుతుంది, చప్పుడు తక్కువ. అయితే నూనె నూటికి పది పదిహేను వంతులు ఎక్కువ తాగుతుంది. పొద్దున హీటరు ప్లగ్గులు కాగనిచ్చి సెల్ఫ్ కొట్టాలి.

మనుషులను, పాలను, గుడ్లను తీసుకుపోయేవాడికి మెత్తటి ఇంజన్ మేలు. పసుపు బస్తాలు, బెల్లం, ఎరువు మోసేవాడికి గట్టి ఇంజన్ మేలు. మహీంద్రా వారు పెజోతో పాటు ఇంటర్నేషనల్ ట్రాక్టరు ఇంజన్ సంతతికి చెందిన డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌ను కూడా జీపులకు, పికప్‌లకు బిగించినారు. బోధన్, కోటగిరి, వర్ని వంటి ట్రాక్టర్ల సీమలో ఆ ఇంజన్‌కు ఒక సౌకర్యం ఉన్నది: ట్రాక్టరు విప్పగలిగినవాడు దాన్ని కూడా విప్పగలడు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కవలసిన బండికి, నల్లరేగడి పొలాల నడుమ మట్టి బాటలో కదలవలసిన బండికి గుర్రాల సంఖ్య కంటే తక్కువ వేగంలో లాగే బలం ముఖ్యం. అమ్మేవాడి కాగితంలో దాన్ని టార్క్ అంటారు. అంకె ఎంత అన్నదే కాదు, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు ఆ బలం వస్తుందో చూడాలి. ఎంత తక్కువ చుట్లకు వస్తే బరువు బండికి అంత మంచిది.

ఫారం 35, ఫారం 36

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల కింద బండి రిజిస్ట్రేషనుకు ఫారం 20, అమ్మకపు ధ్రువపత్రానికి ఫారం 21 ఉంటవి. అప్పు మీద కొన్న బండికి ఫారం 34తో ఫైనాన్సు పేరు ఆర్.సి.లో ఎక్కుతుంది. ఆ తర్వాత కథ రెండు దారుల్లో ఒకదాన పోతుంది. అప్పు తీరితే ఫారం 35 వస్తుంది, ఫైనాన్సు పేరు కొట్టివేస్తారు. అప్పు తీరక బండిని ఫైనాన్సు వారు పట్టుకుపోతే ఫారం 36 వస్తుంది, ఆర్.సి. వారి పేరుకు మారుతుంది.

ఫారం 35 పట్టుకొని వచ్చినవాడి నడకే వేరుగా ఉండేది. ఫారం 36 వచ్చిన ఫైలులో యజమాని కనపడడు. ఆ ఫైళ్లలో చెడ్డ ఇంజన్ల పేర్లే ఉంటాయనుకుంటే పొరపాటు. ఒకే కంపెనీ, ఒకే ఇంజన్, ఒకే సంవత్సరపు బండ్లు రెండు కట్టల్లోనూ కనిపించేవి. తేడా ఇంజన్‌లో లేదు. పట్నం గల్లీల్లో దినానికి ఇరవై కిలోమీటర్లు తిరిగేవాడు నాలుగు టన్నుల బండి కొన్నాడు. రెండు టన్నులు మోయవలసినవాడు ధర తక్కువని ముప్పావు టన్ను బండి కొని, దానిమీద రెండింతలు వేసి బోరు అరగగొట్టినాడు. తగని జత కుదిరితే ఎద్దయినా, బండయినా నిలవదు.

ఛోటా హాథీ నుంచి యూరియా నీళ్ల దాకా

2005లో టాటా ఏస్ వచ్చింది. రెండే సిలిండర్లు, 702 సి.సి.లు, 16 గుర్రాలు, ముప్పావు టన్ను సరుకు. "ఛోటా హాథీ" అని పేరు పడ్డ ఆ బండి ఆటో ట్రాలీకి, 407కు మధ్యలో ఖాళీగా ఉన్న చోటును నింపింది. గంజు నుంచి కిరాణా దుకాణానికి, బీడీ కార్ఖానా నుంచి ఊరికి సరుకు తిప్పడానికి అంతకంటే పెద్ద ఇంజన్ అవసరం లేదని అది చూపింది.

మన చెరుకు సీమ కథ మాత్రం వేరు దారి పట్టింది. నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. దానిమీద ఆధారపడిన ఇండ్ల పిల్లలు వేరే బతుకుదెరువు వెతకవలసి వచ్చింది. వారిలో కొందరు బండి వైపు చూసినారు. అందుకే ఈ విషయం వట్టి యంత్రాల ముచ్చట కాదంటున్నాను.

డీజిల్ లెక్క కూడా ఈ కాలంలోనే మారింది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసివేసినారు. పెట్రోలుకు, డీజిల్‌కు నడుమ మునుపటంత తేడా ఇప్పుడు లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజి 6 కాలుష్య ప్రమాణాలు దేశమంతా వచ్చినవి. డీజిల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో 50 నుంచి 10కి తగ్గించినారు. ఇంజన్‌లో మైకో పాత పంపు స్థానంలో కంప్యూటరు ఆజ్ఞతో నడిచే కామన్ రెయిల్ ఉన్నది. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. కొన్ని బండ్లకు యూరియా కలిపిన నీళ్లు పోయడానికి వేరే ట్యాంకు కూడా ఉన్నది. చేలో చల్లే యూరియాను నీళ్లలో కలిపి అందులో పోయరాదు, అందుకని శుద్ధి చేసిన ద్రవం వేరుగా అమ్ముతారు.

ఆ మసి ఫిల్టరు సంగతి కొనేవాడు బాగా తెలుసుకోవాలి. పట్టిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. బండి అప్పుడప్పుడు ఎడతెగకుండా కొంత దూరం వేగంగా పోతేనే అది జరుగుతుంది. నిజామాబాద్ నుంచి హైదరాబాదుకు సుమారు 175 కిలోమీటర్లు పోయి వచ్చే బండికి చిక్కు లేదు. గల్లీ గల్లీకి ఆగుతూ పోయే బండికి ఫిల్టరు మూసుకుపోయే ప్రమాదం ఉన్నది. 2016లో డీజిల్‌తో వచ్చిన మారుతి చిన్న ట్రక్కు 2020లో డీజిల్‌ను వదిలేసింది. అదే ఏడు ఏస్‌లో పెట్రోలు రకం వచ్చింది. చిన్న బండికి, దగ్గరి దూరానికి డీజిల్ తప్పనిసరి కాదన్న రోజు వచ్చిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

కొనే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

మొదటిది, దినాం ఎన్ని కిలోమీటర్లు? నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 10కి బదులు 12 ఇస్తే నెలకు 50 లీటర్లు మిగులుతవి. లీటరు 95 రూపాయలనుకుంటే ఏడాదికి 57,000 రూపాయలు. అదే బండి నెలకు 600 కిలోమీటర్లే తిరిగితే మిగిలేది 10 లీటర్లే. డీజిల్ బండి ధర లక్ష రూపాయలు ఎక్కువై, కిలోమీటరుకు రెండు రూపాయలు ఆదా అవుతుందనుకుంటే, ఆ లక్ష తిరిగి రావడానికి 50,000 కిలోమీటర్లు తిరగాలి. ఈ లెక్కను మీ ఊరి ధరలతో మీరే వేసుకోండి.

రెండవది, మామూలు రోజున ఎంత బరువు? పండుగ రోజు బరువు చూసి కొనకూడదు, ఖాళీ రోజు చూసి కూడా కొనకూడదు. మామూలు బరువుకు పావు వంతు ఎక్కువ మోయగల బండి చాలు.

మూడవది, ఏ బాట? తారు రోడ్డా, కాలువ గట్టా, ఘాటా? మట్టి బాటకు, ఎత్తుకు తక్కువ చుట్లలో లాగే ఇంజన్ చూడాలి.

నాలుగవది, మిస్త్రీ ఎవరు? కొత్త ఇంజన్లకు పానాతో పాటు కంప్యూటరు కావాలి. కంపెనీ సర్వీసు నిజామాబాదులో ఉన్నదా, హైదరాబాదుకు పోవాలా అన్నది సంతకం పెట్టే ముందే తెలుసుకోవాలి. అదే రకం బండి రెండేండ్లుగా నడుపుతున్న డ్రైవరును అడ్డా మీద కలిసి మాట్లాడితే షోరూములో చెప్పని సంగతులు తెలుస్తవి.

అయిదవది, లైసెన్సు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. మనం చెప్పుకుంటున్న వ్యాన్లు చాలావరకు ఆ లోపువే. అయినా పర్మిటు, ఫిట్‌నెసు, బీమా మూడూ గడువులో ఉండవలసిందే.

పాత బండి కొనేవారికి ఒక మాట. చల్లారిన ఇంజన్‌ను మీ ఎదుటనే మొదటిసారి స్టార్టు చేయించండి. ముందుగానే వేడి చేసి పెట్టినారేమో బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. తెల్ల పొగ ఆగకుండా వస్తే మంట సరిగా లేదని, నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నదని, నల్ల పొగ వస్తే నాజిలో పంపో చూడాలని అర్థం. ఆర్.సి.లోని ఇంజన్ నంబరును, ఛాసిస్ నంబరును బండి మీది అంకెలతో పోల్చండి. ఫైనాన్సు పేరు కొట్టివేసి ఉన్నదో లేదో చూడనిదే బయానా ఇవ్వకండి.

బెంజి లారీ, మెటాడోరు, 407, ఛోటా హాథీ, వీటిలో ప్రతి ఒక్కటీ తన కాలంలో, తన పనిలో మంచి బండే. పని మారిన చోట అదే బండి భారమైంది. మన సభ్యుల ఇండ్లలో ఎవరైనా బండి కొనదలచితే, ముందు పిల్లవాడిని కూచోబెట్టుకొని అతని పని లెక్క కాగితం మీద రాయించండి. ఇంజన్ పేరు ఆ కాగితం అడుగున తర్వాత రాసుకోవచ్చు. మనవాళ్లు కొన్న ప్రతి బండికీ ఫారం 35 మీద సంతకం పడాలని కోరుకుంటూ సెలవు.